రాయబారి ఉండగా ప్రత్యేక ప్రతినిధి ఎందుకు?

ప్రశ్న: ప్రతి దేశంలోనూ రాయబారులు ఉంటారు కదా, మళ్లీ ఒక ప్రాంతం మొత్తానికి ప్రత్యేక ప్రతినిధిని ఎందుకు నియమిస్తారు? ఆయన అధికారం ఎంతవరకు?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, రాయబారి ఒక దేశాధినేతకు నియామక పత్రాలు సమర్పించి, ఆ రాజధానిలోనే ఉంటాడు. యుద్ధాలకు, శరణార్థులకు సరిహద్దులు పట్టవు. అందుకే ఒకే సమస్య పట్టుకుని నాలుగైదు రాజధానులు తిరిగే మనిషి కావాలి.

ఆయన అధికారమంతా నియామక ఉత్తర్వులోనే ఉంటుంది. నేను విద్యార్థులకు పాఠం చెప్పినన్నాళ్లూ ముందు ఆ ఉత్తర్వు చదవమనేవాణ్ణి. ఉదాహరణకు, 1948 మే 14న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ, యూదులు, అరబ్బులు పోరాడుకుంటున్న పాలస్తీనాకు మధ్యవర్తి పదవిని సృష్టించింది. శాంతియుత పరిష్కారానికి కృషి చేయడంతో పాటు ప్రజలకు అవసరమైన సేవలు నడిచేలా చూడటం, పవిత్ర స్థలాలను కాపాడటం కూడా ఆ తీర్మానంలో ఉన్నాయి. సైన్యం మాత్రం ఇవ్వలేదు. ఆ బాధ్యత తీసుకున్న ఫోక్ బెర్నడాట్‌ను సెప్టెంబరు 17న జెరూసలేంలో కాల్చి చంపారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. ఆయన స్థానంలోకి వచ్చిన రాల్ఫ్ బంచ్ రోడ్స్ దీవిలో ఓపికగా చర్చలు నడిపారు. 1949లో ఇజ్రాయెల్‌కు ఈజిప్టు, లెబనాన్, జోర్డాన్, సిరియాలతో విడివిడిగా యుద్ధ విరమణ ఒప్పందాలు కుదిరాయి. మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఐరోపా సమాఖ్య 1996 నుంచి ఇలాంటి ప్రతినిధులను నియమిస్తోంది. వారి పదవికి గడువు ఉంటుంది, అవసరమైతే పొడిగిస్తారు. సంతకం చేయాల్సింది ఎప్పుడూ తగవులో ఉన్న పక్షాలే. ప్రతినిధి వారిని బల్ల దాకా తీసుకురాగలడు, అంతే.