కృష్ణా, బుడమేరా? తొమ్మిదో తరగతిలో జరిగిన గొడవ

అడిగిన ప్రశ్న: "పిల్లల్లో కలిసి పనిచేసే అలవాటు, సొంతంగా ఆలోచించి ప్రశ్నించే గుణం పెంచే కొత్త బోధనా పద్ధతులు ఏవి? టీచర్లు ఎవరైనా అనుభవంతో చెప్పండి."

విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. పద్ధతుల పేర్లు కావాలంటే బీఈడీ గైడులో వరసగా ఉంటాయి, ఇంటర్వ్యూకి పనికొస్తాయి. నేను చెప్పగలిగింది ఒకటే. జవాబు టీచరు జేబులో ఉందని తెలిస్తే పిల్లలు చర్చించరు. కాసేపు గుసగుసలాడి, టీచరు మొహం చూసి, ఆవిడ ఎటు తల ఊపితే అటు రాసేస్తారు. జవాబు నలుగురి దగ్గర నాలుగు ముక్కలుగా ఉండాలి, టీచరు దగ్గర అసలు ఉండకూడదు. ఉన్నా బయటపెట్టకూడదు.

మన స్కూళ్లలో గ్రూపు వర్క్ ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఆరుగురిని ఒక గ్రూపు చేసి లీడర్‌గా ఫస్ట్ ర్యాంకు పిల్లని పెడతారు. ఆ పిల్ల మొత్తం రాస్తుంది. చేతిరాత బాగున్నవాడు హెడ్డింగులు దిద్దుతాడు. ఒకమ్మాయి చార్టు చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు గీస్తుంది. మిగిలినవాళ్లు గమ్ సీసా మూత తీసి వేళ్లకి పూసుకుని ఎండాక పొర ఊడదీస్తూ కూర్చుంటారు. ఇక ఇంటికిచ్చే ప్రాజెక్టులైతే చెప్పనే అక్కర్లేదు. థర్మోకోల్ అగ్నిపర్వతం చేసేది వాళ్ల నాన్న, మార్కులు వచ్చేది వీడికి. బీసెంట్ రోడ్డులో రెడీమేడ్ మోడళ్లు కొనుక్కొచ్చే తల్లిదండ్రులు కూడా నాకు తెలుసు. వాళ్లనీ అనడానికి లేదు, రాత్రి తొమ్మిదింటికి "రేపు వోల్కనో తీసుకురావాలి" అని పిల్లాడు చెప్తే ఏం చేస్తారు పాపం.

సరే, నాకు బాగా పనిచేసిన సంగతి చెప్తాను. తొమ్మిదో తరగతి జాగ్రఫీలో నదుల పాఠం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఉపనదులు, పరీవాహక ప్రాంతం, అన్నీ బట్టీకి సిద్ధంగా ఉంటాయి. ఆ క్లాసులో సగం మంది సింగ్ నగర్, పాయకాపురం వైపు పిల్లలు. 2024 సెప్టెంబరులో వాళ్ల ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ఇంకొందరు కృష్ణలంక వాళ్లు, తరాలుగా నది పక్కనే బతుకుతున్నవాళ్లు. నీళ్లలో మునిగి లేచిన పిల్లలకి నీళ్ల గురించి నేను పుస్తకంలోంచి చదివి వినిపించడం ఏమిటి అనిపించి, బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశాను. సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణా, బుడమేరా? బుడమేరు అంటే మా ఊరి పక్కగా పారే వాగు.

క్లాసులో ఒక్కసారి గోల లేచింది. "కృష్ణే మేడం, టీవీలో చూపించారుగా" అని ఒకడు. "బ్యారేజీ గేట్లు ఎత్తలేదంట, వాట్సాప్‌లో వచ్చింది" అని ఇంకొకడు. నేను ఏమీ అనలేదు. నలుగురేసి చొప్పున రోల్ నంబర్ల ప్రకారం కూర్చోబెట్టాను. స్నేహితులు ఎవరూ ఒకచోట పడకుండా చూశాను. ఒక్కొక్కరికి ఒక్కో కాగితం. ఒకరికి బుడమేరు మ్యాపు: మైలవరం కొండల్లో పుట్టి విజయవాడ పక్కగా వెళ్లి కొల్లేరులో కలుస్తుంది, మధ్యలో వెలగలేరు దగ్గర రెగ్యులేటరు, అంటే నీటిని ఆపి వదిలే గేట్లు, అక్కడ్నించి వరద నీటిని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లించే కాలువ. ఇంకొకరికి ప్రకాశం బ్యారేజీ లెక్కలు: 70 గేట్లూ ఎత్తేశారు, సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 అక్టోబరు వరదని కూడా దాటింది. మూడో కాగితంలో ఆ వారం పేపర్ల కత్తిరింపులు. నాలుగోదానిలో ఏమీ లేదు, ఖాళీ కాగితం. క్లాసులో మునిగిన ఇళ్ల పిల్లల్ని అడిగి నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి, ఎంత ఎత్తు వచ్చాయి అని రాసుకోవాలి. కాగితం పక్కవాడికి ఇవ్వకూడదు, నోటితో చెప్పాలి. రూలు అంతే.

ఆ ఖాళీ కాగితం దగ్గరే అసలు చదువు జరిగింది. ఎత్తు ఎంత అంటే ఒకడు "మెడ దాకా" అన్నాడు. ఎవరి మెడ? నీదా, మీ నాన్నదా? ఇంకొకమ్మాయి "ఫ్రిజ్ పైతలుపు దాకా" అంది. వెంటనే పక్కవాడు "మీది సింగిల్ డోరా, డబుల్ డోరా?" అని పట్టుకున్నాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి ఫ్రిజ్‌ని స్కేలుతో కొలుచుకొచ్చారు. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలుని పెన్సిలు గుర్తులు పెట్టుకుంటూ పైకి జరుపుకుంటూ పోయారంట, వాళ్లమ్మ తిట్టిందంట. నేను చెప్పి చేయించింది కాదు ఇది.

టైము దగ్గర ఇంకా బాగుంది. ఒకడు వాళ్ల నాన్న ఫోన్లో ఫొటో చూశానని, సాయంత్రం నాలుగుకి నీళ్లొచ్చాయని రాశాడు. అదే సందులో ఉండే పిల్ల మాత్రం పొద్దున్నే వచ్చాయి, పాలు కూడా కాచుకోలేదు అంటుంది. ఇద్దరూ అరుచుకున్నారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు ఒకడు, పేరెందుకులెండి, మెల్లగా అడిగాడు: "ఆ ఫొటో మీ నాన్న తీశాడా, ఎవరైనా పంపించారా?" వాట్సాప్‌లో కనపడేది ఫొటో వచ్చిన టైము, తీసిన టైము కాదు. వాడికి ఆ తేడా తెలుసు. మార్కుల్లో వాడు చివరి అయిదుగురిలో ఉంటాడు. పెద్ద పెద్ద చదువులు చదివి, ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దుటి నుంచి ఫార్వర్డులు తోసే మన బంధువుల్లో ఎంతమందికి ఈ ప్రశ్న తడుతుంది?

ఇక గొడవ తేలే దగ్గరికొస్తే, ముందు కృష్ణ పార్టీ బలంగా ఉంది. లక్షల క్యూసెక్కులు కదా, అంకె పెద్దది, నోరూ పెద్దదే. అప్పుడు కృష్ణలంక పిల్ల లేచి "మా ఇల్లు నది పక్కనే మేడం. గోడ కట్టాక ఈసారి మా ఇంట్లోకి రాలేదు. మా గుమ్మం ఎక్కని కృష్ణ సింగ్ నగర్ దాకా నడుచుకుంటూ వెళ్లిందా?" అంది. క్లాసంతా చప్పట్లు. బ్యారేజీ కాగితం ఉన్నవాడు తేదీలు చూసుకుని, పెద్ద అంకె వచ్చింది సోమవారం, వీళ్ల ఇళ్లు మునిగింది ఆదివారం పొద్దున అని తనే ఒప్పుకున్నాడు. కత్తిరింపులు ఉన్నవాడు వెలగలేరు గేట్లు ఎత్తిన సంగతి, మళ్లింపు కాలువకి గండ్లు పడిన సంగతి చదివాడు. బుడమేరు గెలిచింది అనుకుంటుండగా మ్యాపు పిల్లాడు అడ్డుపడ్డాడు. "మళ్లింపు కాలువ పోయేది కృష్ణలోకే కదా. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

ఇక ఎవరికీ మాట లేదు. ఎవరి కాగితంలోనూ ఆ జవాబు పూర్తిగా లేదు. నాలుగూ కలిపితే తప్ప ప్రశ్నే సరిగ్గా అర్థం కాదు. బెల్లు కొట్టారు. లెక్కల సారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఆయన మొహం చూసి నేను బయటికొచ్చేశాను.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చే ఈ పద్ధతిని జిగ్‌సా అంటారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసరు మొదలుపెట్టాడు. అప్పుడే అక్కడ తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడిలో కూర్చోబెట్టారు, తరగతుల్లో కొట్లాటలు. పక్కవాడి దగ్గరున్న ముక్క లేకపోతే నీకు పరీక్ష రాయడం కుదరదు అనే పరిస్థితి తెచ్చాడు. అంటే దాని పుట్టుకే మార్కుల కోసం కాదు, పక్కవాడిని మనిషిగా చూడటం కోసం. మన గైడుల్లో ఈ ముక్క ఉండదు. మనకీ బెంచీల మధ్య గీతలు లేవా? ఫీజు రాయితీ పిల్లలు ఒకవైపు, కారులో దిగే పిల్లలు ఒకవైపు, ఎవరి డబ్బాలో కూర ఎవరు తింటారనేది కూడా లెక్కే. సింగ్ నగర్ పిల్లల్ని "వరద బ్యాచ్" అని వెక్కిరించిన క్లాసే అది. కాగితాల రోజు నుంచి ఆ మాట నాకు మళ్లీ వినపడలేదు. జిగ్‌సా వల్లే అని ఘంటాపథంగా చెప్తాను, కాదన్నవాళ్లు వచ్చి నా క్లాసులో కూర్చోండి.

"మావాడు వేరేవాళ్లకి చెప్తూ టైము పోగొట్టుకుంటున్నాడు మేడం" అని ఫోన్లు చేసే తల్లులకి ఇంకో కథ చెప్తుంటాను. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసరు. పిల్లలు లెక్కలు గడగడా చేసేస్తున్నారు గానీ, లారీ, కారు గుద్దుకుంటే ఏది ఎక్కువ బలంతో తోస్తుంది లాంటి మామూలు ప్రశ్నకి తడబడుతున్నారు. 1990ల మొదట్లో ఆయన ఉపన్యాసం ఆపి, పక్కవాళ్లని ఒప్పించండి అన్నాడు. నిన్న అర్థమైనవాడికి తను ఎక్కడ తికమకపడ్డాడో గుర్తుంటుంది, ఇరవై ఏళ్ల కింద అర్థమైన ప్రొఫెసరుకి గుర్తుండదు. ఇదంతా చెప్తే "హార్వర్డ్ సంగతి సరే మేడం, ఫౌండేషన్ టెస్టులో ర్యాంకు తగ్గింది" అంటారు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ ఏమిటో, పునాది వేసేది ఇంటికా పిల్లాడి నెత్తికా అని నేను అడగను, ఉద్యోగం కావాలి కదా.

అమెరికా దాకా పోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి, కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు, ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటూ చదివేలా చేసి చూపించారు. ఒకే టీచరు ఉన్న పల్లెటూరి బడిలో అయింది, ఏసీ గదులున్న మన దగ్గర కాదా? 2020 జాతీయ విద్యావిధానంలో విమర్శనాత్మక ఆలోచన అని రాశారు, దాని మీద మాకు ట్రైనింగులు కూడా పెట్టారు. హాలు నిండా టీచర్లని కూర్చోబెట్టి, ఉపన్యాసాలు ఇవ్వకూడదు అనే విషయం మీద భోజనాల దాకా ఉపన్యాసం ఇచ్చారు. స్లైడు మీద ఉన్నది ఉన్నట్టు చదివారు. సాంబారు మాత్రం బాగుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. ఆ పాఠం అయిన రెండు రోజులకి ఒక పిల్ల తండ్రి స్కూలుకి వచ్చాడు, కోపంగా. కూతురు ఇంట్లో అడిగిందంట: "నాన్నా, బుడమేరు ఒకప్పుడు ఎంత వెడల్పు ఉండేది? మన ఇల్లు కాలువలో ఉందా?" ఆయన కష్టార్జితంతో కొనుక్కున్న స్థలం. కాగితాలున్నాయి, పన్ను కడుతున్నాడు, బ్యాంకు లోను ఇంకా తీరలేదు. "మా ఇల్లు ఆక్రమణ అని పిల్లలకి నేర్పుతున్నారా మేడం గారూ?" అన్నాడు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. ప్రశ్నించే తరాన్ని తయారుచేస్తామని ఆ గది బయటే ఫ్లెక్సీ ఉంది.

"మేము ఎవర్నీ ఏమీ అనలేదండీ, పిల్లలు మ్యాపు చూసి అడిగారు" అని ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. కాసేపు చూసి, "ఇది తప్పు, ఇక్కడ తూము ఉండేది, మేము చిన్నప్పుడు దాని మీంచి దూకేవాళ్లం" అని వేలు పెట్టి చూపించాడు. కోపం తగ్గిందని చెప్పను, తగ్గలేదు. కానీ ఆ తూము మర్నాడు క్లాసు మ్యాపులోకి ఎక్కింది, వాళ్లమ్మాయే గీసింది. పై నుంచి నాకు "ఇక ఆ టాపిక్ ఆపేయండి" అని మాట వచ్చింది. అప్పటికి ఆపడానికేమీ మిగల్లేదు, ప్రశ్న ఇళ్లకి వెళ్లిపోయింది.

అందుకే అంటున్నాను, చాలామందికి కావాల్సింది ప్రశ్నించే పిల్లలు కాదు, టీచరు అడిగిన ప్రశ్నకి చెయ్యెత్తే పిల్లలు. ఇది తేల్చుకోకుండా పద్ధతుల జాబితా అడగడం దండగ.

తేల్చుకున్నవాళ్లకి మాత్రం నాలుగు మాటలు. గ్రూపులో నలుగురికి మించొద్దు, అయిదోవాడు నిద్రపోతాడు. లీడర్ని పెట్టొద్దు. చివర్లో చెప్పేది ఎవరో చీటీ తీసి తేల్చండి, అప్పుడు తెలివైన పిల్లే పక్కవాడికి నేర్పిస్తుంది, ఎందుకంటే చీటీ వాడికి వస్తే పోయేది తన పరువు కూడా. గోలని భరించండి. ప్రశ్న మీ ఊరిదై ఉండాలి. జవాబు తెలిసినా ఆ పీరియడంతా నోరు మూసుకోవడం అన్నిటికన్నా కష్టం. మాది మాట్లాడే వృత్తి కదా, నాలుక దురద పెడుతుంది.

ఈసారి గుంటూరు మిర్చి యార్డు మీద చేయిద్దామనుకుంటున్నాను. రైతు తెచ్చిన తేజ రకం మిర్చికి ధర ఎవరు నిర్ణయిస్తారు, అదే టిక్కీలోంచి, అంటే బస్తాలోంచి, తాలు కాయల పేరుతో ఎంత పోతుంది, పక్క రాష్ట్రాల రైతులు కూడా అంత దూరం మోసుకొచ్చి ఇక్కడే ఎందుకు అమ్ముతారు అని. రైతు, కమిషన్ ఏజెంటు, కొనుగోలుదారు, హమాలీ, నలుగురికి నాలుగు కాగితాలు. మూడు దొరికాయి. యార్డులో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పేర్లు కొట్టేసిన పాత తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్కల చీటీ) ఒకటి ఫొటో తీసి పెట్టండి, హమాలీ కూలీ అందులో ఏ వరసలో పడుతుందో పిల్లలకి చూపించాలి.