సోడియం నీళ్లు తగిలితే మండుతుంది కదా, మరి రక్తంలో ఎలా ఉంటోంది? ఆమ్లాలు, ఐసోటోపులు ఒంట్లో ఉంటే ప్రమాదం కాదా?

ఇంటర్ బైపీసీలో ఉన్నప్పుడు నాకూ సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. కెమిస్ట్రీ సార్ కిరోసిన్ సీసాలోంచి సోడియం ముక్కను పటకారుతో తీసి, వడపోత కాగితంతో తుడిచి, చాకుతో కందిగింజంత కోసి నీళ్ల తొట్టిలో పడేశారు. అది బుస్సుమంటూ నీళ్లమీద గిరగిరా తిరిగి, చివర్లో పసుపుపచ్చ మంటతో టప్పుమంది. తర్వాతి పీరియడ్‌లో జువాలజీ మేడమ్ రక్తంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ధన అయాన్ సోడియమే అన్నారు. అన్ని నీళ్లున్న రక్తంలో అది ఎలా ఊరుకుందో అడగాలని నోటిదాకా వచ్చింది గాని అడగలేదు. ఇప్పుడు ఖమ్మంలో ఒక ఆసుపత్రి ల్యాబులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. సోడియం, పొటాషియం చూడనిదే నాకు రోజు గడవదు. మీ మూడు ప్రశ్నలకూ నాకు దొరికిన జవాబు ఒక్కటే: మన ఒళ్లు ఎలక్ట్రాన్లను చూస్తుంది, న్యూట్రాన్లను పట్టించుకోదు.

సోడియం పరమాణువుకు 11 ఎలక్ట్రాన్లు. పది లోపల కుదురుగా ఉంటాయి, పదకొండోది బయట ఒంటరిగా ఉంటుంది. దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా సోడియం నిలవదు. నీళ్లకు ఇచ్చేటప్పుడు వేడీ, హైడ్రోజన్ వాయువూ పుడతాయి, ఆ వాయువు అంటుకుంటేనే ఆ మంట. మనం తినే ఉప్పులో ఆ పని ఎప్పుడో అయిపోయింది, ఆ ఎలక్ట్రాన్ క్లోరిన్ దగ్గరికి చేరింది. మిగిలిన పదింటితో అది ధనావేశమున్న పరమాణువుగా, అంటే సోడియం అయాన్‌గా, నీళ్లలో హాయిగా తిరుగుతుంది. రిపోర్టులో మేం 'సోడియం' అని రాసేది ఈ అయాన్‌నే. కేంద్రకం అదే, పేరూ అదే, ఒక్క ఎలక్ట్రాన్ పోయేసరికి గుణం మొత్తం మారిపోయింది.

మూడేళ్ల కింద మే నెలలో మా అమ్మకు ఈ అయాన్ తగ్గింది. బీపీ మాత్ర వాడుతోంది, అందులో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కూడా కలిసి ఉంది. ఎండలకు భయపడి రోజూ నాలుగైదు లీటర్ల నీళ్లు తాగేది. బీపీకి మంచిదని ఎవరో చెబితే కూరల్లో ఉప్పు దాదాపు మానేసింది. రెండు రోజులు తలనొప్పి, వికారం అంటే వడదెబ్బేమో అనుకున్నాం. మూడో రోజు పొద్దున పప్పు తాలింపులో ఆవాలకు బదులు టీపొడి వేసింది. ఏంటమ్మా ఇది అంటే నన్ను మా మామయ్య పేరుతో పిలిచింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లి నేనే రక్తం తీసి, నేనే మెషిన్‌లో పెట్టాను. 114. ఉండాల్సింది లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్. నమ్మబుద్ధి కాక మళ్లీ వేశాను. మళ్లీ అదే అంకె.

రక్తంలో సోడియం పలచబడితే నీళ్లు లవణాలు ఎక్కువున్న వైపుకు, అంటే కణాల్లోకి జరుగుతాయి. కాలి కండరం ఉబ్బితే సాగడానికి చోటుంటుంది. మెదడు ఉబ్బడానికి పుర్రెలో చోటేదీ? అందుకే ముందు మాట తడబడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టలేరు, ముదిరితే ఫిట్స్ వస్తాయి. ఐసీయూలో 3 శాతం ఉప్పున్న సెలైన్ నెమ్మదిగా ఎక్కించారు. త్వరగా ఎక్కించెయ్యండి సార్ అని డాక్టరుగారిని బతిమాలాను. ఆయన ఓపిగ్గా చెప్పారు: మెదడు కణాలు ఈపాటికే తమ లోపలి లవణాలు కొన్ని బయటికి వదిలి సర్దుకున్నాయి, ఇప్పుడు రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరిగితే వాటిలోని నీళ్లు లాగేసుకుపోయి నరాల పైతొడుగు దెబ్బతింటుంది, అందుకే రోజుకు 8 నుంచి 10 మించి పెంచం. మర్నాటికి 121, ఆ మర్నాటికి 127. ఆ రోజు అమ్మ నన్ను నా పేరుతో పిలిచి, పొయ్యిమీద పప్పు ఏమైందిరా అని అడిగింది. ఆ మాత్ర మార్చారు. ఇది చదివి ఎవరూ ఉప్పు పెంచుకోవద్దు. కానీ బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లు ఎండాకాలంలో మాట తడబడితే వడదెబ్బే అనుకుని ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఎలక్ట్రోలైట్స్ పరీక్ష (రక్తంలో సోడియం, పొటాషియం లాంటివి చూసేది) చేయించండి.

ఇక పొటాషియం. రక్తంలో 3.5 నుంచి 5 దాకా ఉంటే కణం లోపల సుమారు 140 ఉంటుంది. సోడియం లెక్క దీనికి తలకిందులు. ఈ తేడా ఊరికే నిలవదు. కణం పొరలో ఉండే పంపు కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువును ఒక్కొక్కటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీత నరాల్లో దీన్ని కనిపెట్టారు, 1997లో నోబెల్ అందుకున్నారు. నాకు మాత్రం ఈ పంపు విలువ ఫ్రిజ్ నేర్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రం వచ్చిన ఒక శాంపిల్‌ను సీరం (రక్తకణాలు లేని పైద్రవం) వేరు చేయకుండా అలాగే ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి పోయాను. పొద్దున పొటాషియం 7.6 వచ్చింది. గుండె లయ తప్పించగల అంకె అది. ఆ పెద్దాయనను ఇంటినుంచి హడావిడిగా పిలిపిస్తే ఈసీజీ మామూలుగానే ఉంది. మళ్లీ తీసిన రక్తంలో 4.3. చలికి పంపు మూలపడి, ఎర్రకణాల్లోని పొటాషియం రాత్రంతా బయటికి కారింది. ఆ పూట వాళ్లింట్లోవాళ్లు పడ్డ భయం నాకింకా కళ్లముందే ఉంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా అలాంటి ట్యూబ్ మళ్లీ ఎన్నడూ పక్కన పెట్టలేదు.

ఆమ్లం కూడా ఎలక్ట్రాన్ కథే. హైడ్రోజన్‌కు ఉన్నదే ఒక్కటి. అదీ పోతే మిగిలేది వట్టి ప్రోటాన్. నీళ్లలో ఆ ప్రోటాన్‌ను వదిలేదాన్నే ఆమ్లం అంటాం. అంత చిన్నదాని మీద అంత విద్యుదావేశం ఉంటే, ఏ ప్రోటీన్‌కు అంటుకున్నా దాని ఆకారాన్ని మార్చగలదు. అందుకే ఒళ్లు రక్తంలో దాన్ని ఎంత అదుపులో పెడుతుందో చూడండి: సోడియం లీటరుకు 140 మిల్లీమోల్స్ ఉన్నచోట హైడ్రోజన్ అయాన్ 40 నానోమోల్సే, అంటే 35 లక్షల్లో ఒక వంతు. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, అది ఒకటి తగ్గితే ఈ అయాన్లు పదింతలైనట్టు. రక్తం పీహెచ్ 7.4 అంటే అదే. అదే ఒంట్లో కడుపులోని ఆమ్లం పీహెచ్ 1.4 అనుకుంటే, అక్కడ ఈ అయాన్లు రక్తంలోకన్నా 10 లక్షల రెట్లు ఎక్కువ. కాబట్టి ఆమ్లం ఉండటం ప్రమాదం కాదు, ఉండాల్సిన గది దాటితేనే ప్రమాదం.

ఒక రాత్రి డ్యూటీలో కాలేజీ కుర్రాడి రక్తం వచ్చింది. మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసి, సిరంజిలో గాలి బుడగ లేకుండా చూసి, ఐస్‌లో పెట్టి వార్డుబాయ్ పరుగున తెచ్చాడు. పీహెచ్ 7.1. పైకి తేడా 0.3 మాత్రమే, కానీ పీహెచ్ లెక్కలో దానర్థం హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని. ఆమ్లాన్ని అదుపు చేసే బైకార్బొనేట్ 22 నుంచి 26 ఉండాల్సింది 6 ఉంది. రిపోర్టు ఇవ్వడానికి నేనే వార్డుకు వెళ్లాను. పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా ఊపిరి తీస్తున్నాడు, నోటినుంచి మగ్గిన పండు వాసన. చిన్నప్పట్నుంచీ షుగర్ ఉన్న పిల్లాడు, హాస్టల్లో ఇన్సులిన్ మానేశాడు. చక్కెరను వాడుకోలేక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే కీటో ఆమ్లాలు పేరుకున్నాయి. వాటి ప్రోటాన్లను బైకార్బొనేట్ పట్టుకుంటుంది, ఆ జంట చివరికి నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ వాయువును బయటికి ఊదెయ్యడానికే ఆ ఊపిరి. వాళ్ల నాన్న ఆయాసం అనుకుని నెబ్యులైజర్ పెట్టమని ఏడుస్తున్నాడు. నిజానికి ఆ ఊపిరే ఆ క్షణాన పిల్లాణ్ణి కాపాడుతోంది. సెలైన్, ఇన్సులిన్ పెట్టాక తెల్లవారేసరికి పీహెచ్ 7.3కి చేరింది.

ఐసోటోపుల దగ్గర కథ తిరగబడుతుంది. ఐసోటోపులంటే ఒకే మూలకంలోని రకాలు. ఇక్కడ ఎలక్ట్రాన్లు మారవు, న్యూట్రాన్లు మారతాయి, ఒంటికి ఆ తేడా దాదాపు తెలియదు. మామూలు అయోడిన్ కేంద్రకంలో 74 న్యూట్రాన్లు, కిరణాలు వదిలే అయోడిన్-131లో 78. థైరాయిడ్ గ్రంథి రెంటినీ ఒకేలా లాక్కుంటుంది. 1941లోనే బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు దీన్ని ఆసరా చేసుకుని థైరాయిడ్ రోగులకు రేడియో అయోడిన్ ఇచ్చారు. మా చెల్లికి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, మిగిలిన కణాలను కిరణాలతో చంపడానికి, హైదరాబాద్‌లో ఇదే ఇచ్చారు. అంతకుముందు రెండు వారాలు అమ్మ దానికి అయోడిన్ లేని ఉప్పుతో విడిగా వండింది. మామూలు అయోడిన్‌తో కడుపు నిండిన కణం కొత్తది తీసుకోదు, అందుకని ఆకలిగా ఉంచాలి. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదమప్పుడు పోలండ్‌లో పిల్లలకు అయోడిన్ తాగించింది దీనికి తిరగేసిన లెక్కతోనే: ముందే మంచి అయోడిన్‌తో నింపేస్తే గాలిలో వచ్చిన రేడియో అయోడిన్‌కు చోటుండదు.

ఇంటికొచ్చాక చెల్లి విడిగా గదిలో ఉండి, రెండేళ్ల పాపను గుమ్మం అవతలినుంచే చూసేది. "అన్నయ్యా, ఇంట్లో కిరణాలు వదిలేది నేనొక్కదాన్నేనా?" అని ఒకరోజు అడిగింది. కాదని చెప్పాను. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పదివేల పరమాణువులకు ఒకటి పొటాషియం-40, అది రేడియోధార్మికం. కొబ్బరినీళ్లలో, అరటిపండులో, అందరి కండరాల్లో ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో సెకనుకు సుమారు 4,000 పొటాషియం-40 పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. పంపు దాన్నీ మామూలు పొటాషియంలాగే లోపలికి లాగుతుంది. చెల్లికి మందుగా ఇచ్చిన మోతాదు దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది, అందుకే ఆ దూరం. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, చాలా భాగం అంతకుముందే మూత్రంలో పోతుంది. గోడమీది క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ, డాక్టరు చెప్పిన తేదీ దాటిన పొద్దున తలుపు తీసుకుని వచ్చి పాపను ఎత్తుకుంది.