తాతయ్య మీద కవిత ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మమ్మ మీద కవిత రాద్దామని కూర్చుంటే ప్రేమ, ఒడి, కథలు తప్ప ఇంకేమీ రావడం లేదని, మంచి కవులు చిన్ననాటి జ్ఞాపకాల్ని ఎలా రాస్తారని అడిగారు. నాకూ అదే జరిగింది కాబట్టి చెబుతున్నా.

తాతయ్య పోయిన ఏడాదికి రాసిన మొదటి కవితలో ఆయన్ని మర్రిచెట్టు అన్నాను, దీపస్తంభం అన్నాను. (మర్రిచెట్టు లేని తాతయ్య కవిత దొరకడం కష్టం.) చదివిన స్నేహితుడు "బాగుంది, మా తాతయ్యకి కూడా సరిపోతుంది" అన్నాడు. కోపం వచ్చింది గానీ మాట నిజమే.

కొన్నాళ్లకి ఒక సంగతి గుర్తొచ్చింది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు తాతయ్య రోజూ పొద్దున్నే నా చేత పేపరు పైకి చదివించేవారు. "చదువు బాగా వస్తుందిరా" అనేవారు. నాకేమో బోరు. ఆటకి టైమైపోతోందని మధ్యలో రెండు మూడు లైన్లు ఎగరగొట్టేసేవాణ్ణి. ఆయన ఒక్కసారీ పట్టుకోలేదు. తాతయ్యని భలే మోసం చేశానని సంబరపడేవాణ్ణి. అప్పటికే ఆయనకి అక్షరాలు ఆనడం లేదని, ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదని చాలా ఏళ్లకి గానీ నాకు తట్టలేదు.

నా కవిత అక్కడ దొరికింది. పిల్లాడు చూసింది ఒకటి, పెద్దయ్యాక అర్థమైంది ఇంకొకటి. ఆ ఖాళీని పూడ్చకుండా వదిలేయడమే కష్టం.

దీనికి అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ రాసిన 'సెస్టీనా' అనే కవిత చూడండి. ఇల్లు, అమ్మమ్మ, పాప, పొయ్యి, పంచాంగం (ఇంగ్లీషు ఆల్మనాక్), కన్నీళ్లు. ఈ ఆరు మాటలే పాదాల చివర వరస మార్చుకుంటూ 39 పాదాలూ తిరుగుతాయి. వాన పడుతుంటే అమ్మమ్మ పంచాంగంలోని జోకులు చదివి నవ్వుతూ ఏడుపు దాచుకుంటుంది. పాప ఇంటి బొమ్మ గీసి, పక్కన ఒక మనిషిని పెడుతుంది. అతని చొక్కా గుండీలు కన్నీటి చుక్కల్లా ఉంటాయి. బిషప్‌కి ఏడాది నిండకుండానే తండ్రి పోయాడు, ఐదేళ్లప్పుడు తల్లిని మానసిక వైద్యశాలలో చేర్చారు. కవితలో ఆ ఊసే ఉండదు. పాపకి తెలియనిది కవయిత్రి కూడా చెప్పదు.

ఐరిష్ కవి సీమస్ హీనీ 1966 నాటి సంపుటిలోని 'డిగ్గింగ్' (తవ్వడం) అనే కవిత ఇంకో దారి. తాత పని చేసే చోటికి పిల్లాడు పాల సీసా తీసుకెళ్తాడు. దానికి మూత కాగితం ముక్క, అదీ సరిగ్గా పెట్టలేదు. తాత ఎంత కష్టజీవో వంద విశేషణాలతో చెప్పినా ఆ కాగితం ముక్క గుర్తున్నట్టు గుర్తుండదు.

కాబట్టి అమ్మమ్మ ఎంత మంచిదో రాయకండి. ఆవిడ గురించి చిన్నప్పుడు మీరు ఏం తప్పుగా అనుకున్నారో రాసుకోండి. పది నిమిషాలు టైమర్ పెట్టుకుని, ఉపమానాలు లేకుండా. ఏమీ రాకపోతే టెన్షన్ పడొద్దు, నాకు నెలలు పట్టింది.

నా రెండో ప్రతి చివర "నీకు చూపు లేదని ఇప్పుడు తెలిసింది తాతయ్యా" అని ఉండేది. కొట్టేశాను. ఇప్పుడది పిల్లాడు మూడు లైన్లు దాటేసి ఆగిన చోట, తాతయ్య తలూపి "ఊఁ, తర్వాత?" అనడంతో ఆగిపోతుంది.