మహబూబ్‌కు, ఆ బుడ్డ చేప గురించి

మహబూబ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చివరి పేరా మాత్రం ఒక్కసారే, రెండోసారి నావల్ల కాలేదు. "రెండు నెలలు కూడా బతకని ఈ చిరుచేప మనకు నేర్పే జీవిత పాఠం ఏమిటంటే" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే ఫోన్ పక్కన పడేశాను. ఎవరడిగారయ్యా పాఠం?

మగచేప గుడ్లకు కాపలా ఉండే ఆ నాలుగు లైన్లు బాగా వచ్చాయి. ఇక తిట్లు మొదలు.

ఆ బుడ్డ చేప గురించి "ఎవియోటా సిజిల్లాటా 59వ రోజున చనిపోతుంది" అని రాశావు. మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీనా అది? ఆస్ట్రేలియా పక్కన ఉన్న పగడపు దిబ్బ గ్రేట్ బారియర్ రీఫ్‌లో పట్టిన వాటన్నిటిలోకీ ఎక్కువ వయసున్న దానికి 59 రోజులు, అంతే. రీఫ్ మీద ఈ చేపలు రోజుకు నూటికి ఏడెనిమిది చొప్పున పోతాయి, చాలావరకు ఇంకో చేప నోట్లోకి. ఆ లెక్కన పది రోజులు తిరిగేసరికి నూరింటిలో సగం కూడా మిగలవు. అంటే ముసలితనం దాకా వచ్చేవే అరుదు. నువ్వేమో దాన్ని మంచం మీద పడుకోబెట్టి, చుట్టాలందర్నీ పిలిచి ఏడిపించావు.

అసలు విషయం ఆ 59 ఎలా తెలిసిందన్నది. నీ వ్యాసంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. పొడుగు రెండు సెంటీమీటర్లు కూడా లేని చేప, పుట్టిన తేదీ ఎవరు రాసి పెట్టారు? చేప తలలో, చెవి భాగంలో, ఓటోలిత్ అని చిన్న సున్నపు రాయి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి రోజుకో పొర చొప్పున పెరుగుతుంది. దాన్ని బయటికి తీసి, పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే మన కర్నూలు ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి, కూర్చుని లెక్కపెట్టుకోవడమే. సముద్రంలో కొట్టుకుపోతూ గడిపిన మొదటి మూడు వారాలు ఎక్కడ ముగిశాయో, రీఫ్ మీదికి ఎప్పుడు దిగిందో కూడా ఆ వలయాల తీరు మారడంలోనే తెలిసిపోతుంది. దిగాక ఒకటి రెండు వారాల్లో ఈడుకొస్తుంది, మిగిలిన మూడున్నర వారాల్లోనే సంసారమంతా. ఆడచేప జీవితం మొత్తానికి పెట్టే గుడ్లు దాదాపు 400. సముద్రపు చేపకు అది చాలా తక్కువ, మగచేప కాపలా ఎందుకు అంత ముఖ్యమో అక్కడే అర్థమవుతుంది. నీ మంచి లైన్లకు బలం ఈ లెక్క, దాన్నే వదిలేశావు. జేమ్స్ కుక్ యూనివర్సిటీ వాళ్ళు, డెప్‌జిన్‌స్కీ, బెల్‌వుడ్, 2005లో కరెంట్ బయాలజీ పత్రికలో వేశారు ఇదంతా. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత తక్కువ ఆయుష్షు అప్పటికి ఇంకెక్కడా నమోదు కాలేదు.

నేను కలివికోడి మీద రాసిన రోజుల్లో ఇదే గొడవ. 1900 తర్వాత ఎవరికీ కనబడని పిట్ట 1986లో మన కడప పక్క లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది కదా, అందరూ ఆ వింత గురించే రాస్తున్నారు. నాకేమో తర్వాత దాన్ని ఎలా వెతికారన్నదే పిచ్చి. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, రాత్రి దాని మీద నడిచిన పిట్ట అడుగులు పొద్దున్నే కొలిచి చూసుకోవడం, అది ఇంకో పిట్టది కాదని తేల్చుకోవడం. ఒక పేజీ నిండా అదే రాశాను. ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్ ఆ పేజీ అంతా కోసి పారేసి, చివర "ఓ మనిషీ, ఇకనైనా మేలుకో" అని సొంతంగా ఒక పేరా అతికించాడు. నా పేరు మీద! పెళ్ళిలో మా పెద్దనాన్న కొడుకు ఆ పేరానే మెచ్చుకున్నాడు, అన్నం కూడా సయించలేదు నాకు.

అప్పుడు ఎడిటర్లు చేసేవాళ్ళు, ఇప్పుడు మీరే చేసి పంపుతున్నారు. వాట్సాప్‌లో ఆ గద్ద కథ తిరుగుతుంది చూడు, 40 ఏళ్ళకు కొండెక్కి ముక్కు రాలగొట్టుకుని కొత్త ముక్కు మొలిపించుకుంటుందని. పచ్చి అబద్ధం. ముక్కు లేని గద్ద ఆకలికి చస్తుంది. కానీ పాఠం కావాలి కాబట్టి గద్దను చంపినా ఫరవాలేదు. నీ చేపకు ఆ గతి పట్టించొద్దు.

ముగింపు కావాలంటే ఇది చూడు. 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పగడపు దిబ్బల మీద ఇతర జీవులకు తిండయ్యే చేపల బరువులో దాదాపు 60 శాతం ఇలాంటి బుడ్డ చేపలదేనట. ఎప్పుడు చూసినా నాలుగే కనిపిస్తాయి, ఎందుకంటే పుట్టినవి పుట్టినట్టే మిగతా జీవులు తినేస్తుంటాయి, మళ్ళీ కొత్తవి వస్తూనే ఉంటాయి. పాఠం లేకుండానే ఎంత బాగుందో.

"రాయలసీమలో సముద్రం లేదు, ఎవరు చదువుతారు సార్" అన్నావు. మీ ఇంట్లో పరిచిన కడప బండ ఏమనుకున్నావు? పాత సముద్రం అడుగున పేరుకున్న సున్నపు మట్టే. వేంపల్లె వైపు రాళ్ళల్లో ఉల్లిపొరల్లాంటి గీతలు కనిపిస్తాయే, స్ట్రోమటోలైట్లు, అవి సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట లోతులేని నీళ్ళల్లో సూక్ష్మజీవులు కట్టినవి. పగడాలు పుట్టకముందే మన దగ్గర దిబ్బలుండేవి. ఆదోని నుంచి బస్సెక్కితే పోయి చూడొచ్చు, రాసేముందు ఒకసారి పోయి రా.

కలంపేరు, పారితోషికం సంగతులు తర్వాత మాట్లాడదాం. చివరి పేరా తీసెయ్, ఓటోలిత్ మీద ఒక పేజీ రాయి, 59 దగ్గర వాక్యం మార్చు. ఈసారి నోట్‌బుక్ పేజీలు ఫోటోలు తీసి పంపకు, నా కళ్ళు పోతున్నాయి. టైప్ చేసి మెయిల్ పెట్టు.