జిమ్ మానేశాను, మళ్లీ మొదలుపెట్టాలనిపించడం లేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. షుగర్ బోర్డర్‌లో ఉంది, రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. జనవరిలో ఏడాది ఫీజు కట్టి జిమ్‌లో చేరాను. రెండు వారాలు తెల్లవారుజామునే లేచి వెళ్లాను. పిల్లల క్యారేజీల హడావిడిలో ఒకరోజు మానేశాక ఇంక వెళ్లబుద్ధి కాలేదు. మావారు నాకు పట్టుదల లేదంటున్నారు. ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పట్టుదల సంగతి తర్వాత, ముందు మీరు పెట్టుకున్న టైమ్ చూడండి. టిఫిన్లు, క్యారేజీలు, ఆఫీసు అన్నీ ఒక్కసారే మీద పడే వేళకు జిమ్ కూడా తోడైతే ఎవరికైనా కష్టమే. ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామనుకుంటే అది రాదండీ, నాలుగు రోజులు చేసి ఒంట్లో తేలిక తెలిశాకే వస్తుంది. అందుకే రోజూ ఎలాగూ తప్పని పని ఒకటి చూసుకుని నడకను దాని వెనకే పెట్టండి. నేనైతే రాత్రి భోజనం అంటాను. తిన్నాక రక్తంలో షుగర్ పెరుగుతుంది, అప్పుడు నడిస్తే కాళ్ల కండరాలు ఆ గ్లూకోజును వాడుకుంటాయి, కాబట్టి మీకు ఆ పది పదిహేను నిమిషాలు చాలా విలువైనవి, పైగా బెజవాడ ఎండలకు ఆ వేళే నయం. చెయ్యి కడుక్కున్నాక టీవీ ముందు కూర్చోకుండా నేరుగా వీధిలోకి వెళ్లిపోండి. వాన పడితే ఇంట్లోనే తిరగండి.

పది నిమిషాలు ఏం లెక్క అనుకోకండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వేగమైన నడకలాంటి వ్యాయామం కావాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థే, ఒక్కో విడత 10 నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును 2020లో తీసేసింది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి.

ఇక ఒకరోజు తప్పితే అంతా పోయిందనుకోవడం, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 21 రోజుల్లో అలవాటైపోతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనంలో, కొత్త అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది, మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటేమీ చెడలేదు. ఈ రాత్రి కుదరకపోతే రేపు రాత్రి నడవండి, అంతే.

జిమ్ ఫీజు గురించి బాధపడకండి. సెలవు రోజుల్లో తీరిగ్గా వెళ్లి బరువులతో చేసేవి ట్రైనర్ దగ్గర నేర్చుకోండి, వారానికి రెండు రోజులైనా కండరాలకు పని పడాలి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పిగా ఉన్నా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించుకోండి.

మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి. మన ఇళ్లలో ఆడవాళ్ల వ్యాయామం ఆగిపోయేది ఎక్కువగా వంటింటి పని దగ్గరే. మీరు నడిచి వచ్చేసరికి అన్నం గిన్నెలు సర్ది, అంట్లు సింకులో వేసే పని ఆయన తీసుకోవాలి, లేదంటే ఇద్దరూ కలిసి నడిచి వచ్చి ఆ పని కలిసే చేసుకోండి.