బేస్‌బాల్‌లో ఎదుటి జట్టు పిచింగ్‌ని ఎలా లెక్కగట్టాలి: మేనకోడలికి ఒక లేఖ

చిన్నీకి,

మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు "ఈసారి కూడా డాడ్జర్సే కదా మామయ్యా, ఇంక మనం చూడటం ఎందుకు" అన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. 2024లో, 2025లో వరసగా రెండు వరల్డ్ సిరీస్‌లు, అంటే బేస్‌బాల్ ఆఖరి కప్పులు, ఆ లాస్ ఏంజెలెస్ వాళ్లవే. మన శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2025లో 81 గెలిచి 81 ఓడారు. ఇవి కాదనలేం. కానీ సీజన్ మొదలుకాకముందే నువ్వు చేతులెత్తేయడం నాకు నచ్చలేదు. నువ్వు వాళ్ల పిచర్ల (బంతి వేసేవాళ్ల) పేర్లు చూసి భయపడుతున్నావు. నేను 1998లో ఈ దేశం వచ్చినప్పటి నుంచీ ఈ ఆట చూస్తున్నాను. ఎదుటి జట్టు పిచింగ్ చూసేటప్పుడు పేర్లు కాదు, ఇన్నింగ్స్ లెక్కపెట్టాలని నాకు మెల్లగా తెలిసొచ్చింది.

ఒక కాగితం తీసుకో. సీజన్‌కి 162 ఆటలు, ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టువి మూడు ఔట్లు తీయాలి. అంటే మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా ప్రతి జట్టూ దాదాపు 1,450 ఇన్నింగ్స్ ఎవరో ఒకరి చేత వేయించాలి. ఎంత డబ్బున్న జట్టుకైనా ఇది తప్పదు. ఆట మొదలుపెట్టే పిచర్లు, అంటే స్టార్టర్లు, ఐదుగురూ ఒక్క వంతు కూడా మానకుండా, వచ్చిన ప్రతిసారీ ఆరేసి ఇన్నింగ్స్ వేశారనుకో, 972 అవుతాయి. మిగిలిన ఐదొందలకి కాస్త తక్కువ బుల్‌పెన్, అంటే స్టార్టర్ దిగాక వచ్చే పిచర్ల బృందం, మోయాలి. ఐదుగురూ ఏడాదంతా అలా నిలబడ్డ జట్టు కనపడటమే అరుదు.

ఇప్పుడు 2025 డాడ్జర్స్‌ని ఈ కాగితం మీద పెట్టు. స్నెల్, గ్లాస్నౌ, ఒహ్తానీ అనగానే నీకు గుండె దడ కదా. ఆ సీజన్‌లో స్నెల్ వేసింది 61 ఇన్నింగ్స్. గ్లాస్నౌ 90. మోచేతి సర్జరీ నుంచి కోలుకుంటూ వచ్చిన ఒహ్తానీ 47. ముగ్గురివీ కలిపినా 200 దాటలేదు. మన లోగన్ వెబ్ ఒక్కడే 207 వేశాడు. 2023, 2024, 2025 మూడేళ్లూ అతను 200 దాటాడు. ఈ రోజుల్లో అలా వేసేవాళ్లు లీగ్ మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఐదు రోజులకోసారి వచ్చి, కిందికి వాలే సింకర్‌తో బంతిని నేలకి కొట్టించి, ఏడో ఇన్నింగ్స్ దాకా బుల్‌పెన్‌కి రెస్ట్ ఇచ్చే మనిషి మన దగ్గర ఉన్నాడని నువ్వు ఒక్కసారి కూడా అనలేదు. నాకు బాధేసింది.

అలాగని నిన్ను నువ్వు మోసం చేసుకోవద్దు. అంతమంది లేకపోయినా డాడ్జర్స్ 93 గెలిచి మన డివిజన్‌లో, మన ఐదు జట్ల గుంపులో, మొదటి స్థానంలో నిలిచారు. యమమోటో 173 ఇన్నింగ్స్ మోశాడు, మిగతావి కుర్రవాళ్లతో నెట్టుకొచ్చారు. అందుకే ఎదుటి జట్టులో మొదటి ఐదుగురిని కాదు, ఆరో వాడిని, ఏడో వాడిని, ఎనిమిదో వాడిని చూడు. మే నెలలో ఒకరికి భుజం నొప్పి వస్తే ఆ రోజు బంతి ఎవరి చేతికి వెళ్తుంది? డాడ్జర్స్‌లో నన్ను భయపెట్టేది ఆ ఎనిమిదో వాడే.

సీజన్ ముగిశాక కప్పు కోసం ఆడే అక్టోబర్ వేరే ఆట, దాన్ని విడిగా లెక్కెయ్యి. అప్పుడు 1,450 ఇన్నింగ్స్ అక్కర్లేదు, ముగ్గురో నలుగురో మంచి ఊపులో ఉంటే చాలు. 2025 వరల్డ్ సిరీస్‌లో యమమోటో ఆరో ఆటలో 96 బంతులు వేసి, మర్నాడే ఏడో ఆటలో మళ్లీ వచ్చి, 11 ఇన్నింగ్స్ దాకా సాగిన ఆ ఆటని గెలిపించాడు. వాళ్ల అభిమానిని కాకపోయినా ఆ రాత్రి నేను లేచి నిలబడి చూశాను. మనకీ అలాంటి రాత్రి ఉంది. 2014 వరల్డ్ సిరీస్‌లో మన బమ్‌గార్నర్ రెండు రోజుల విశ్రాంతితోనే ఏడో ఆటలో ఐదు ఇన్నింగ్స్ వేసి కాన్సస్ సిటీకి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. ఇంకోవైపు 2023 చూడు. డాడ్జర్స్ 100 గెలిచారు, అరిజోనా 84 గెలిచింది. అక్టోబర్‌లో అరిజోనా వాళ్లని వరసగా మూడు ఆటల్లో ఇంటికి పంపింది. అప్పటికి డాడ్జర్స్ చేతిలో మిగిలిన స్టార్టర్లు అలసిపోయి ఉన్నారు. అందుకని ఎవరైనా "వాళ్ల అవకాశాలు ఎలా ఉన్నాయి" అని అడిగితే, వేసవి దాటడం గురించా, అక్టోబర్ గురించా అని ముందు అడుగు.

పిచర్ అంకెల్లో గెలుపోటముల కాలమ్‌ని అసలు చూడకు. పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్ 2025లో పది గెలిచి పది ఓడాడు. ఆ ఏడాది తన లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే రన్స్, 1.97. తన జట్టు రన్స్ చేయకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? ఈఆర్‌ఏ కూడా పూర్తిగా పిచర్ చేతిలో లేదు, ఫీల్డర్ల మీదా గ్రౌండ్ మీదా ఆధారపడుతుంది. కొలరాడో జట్టు ఆడే డెన్వర్‌లో మైలు ఎత్తున గాలి పలచగా ఉంటుంది, బంతి ఎక్కువ దూరం పోతుంది, తిప్పి వేసిన బంతి సరిగా తిరగదు. మన ఊళ్లో సముద్రపు చలిగాలి, సెంటర్‌కి కుడిపక్క విశాలమైన మైదానం. ఇక్కడ ఔటయ్యే బంతి అక్కడ హోమ్ రన్. కాబట్టి స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం) ఎన్ని, వాకులు (నాలుగు చెడ్డ బంతులేసి ఊరికే బేస్ ఇచ్చేయడం) ఎన్ని, హోమ్ రన్స్ ఎన్ని ఇచ్చాడు, ఈ మూడూ ముందు చూడు. ఏప్రిల్‌లో ఈఆర్‌ఏ ఎటైనా ఊగుతుంది. స్ట్రైకౌట్లు, వాకులు అంతకంటే త్వరగా నిజం చెబుతాయి.

ఫాస్ట్‌బాల్ వేగం కూడా రాసుకో. నిరుటి కంటే గంటకి మైలున్నరో రెండు మైళ్లో తగ్గి, నెలైనా పెరగకపోతే ఏదో నొప్పి దాస్తున్నాడేమోనని నాకు అనుమానం వస్తుంది. ఇక్కడ ఒక్క మాట. అరిజోనా ఆరేళ్లకి 21 కోట్ల డాలర్లకు తెచ్చుకున్న కార్బిన్ బర్న్స్ మొదటి ఏడాదే, 2025 జూన్‌లో, మోచేతి లిగమెంట్‌కి చేసే టామీ జాన్ సర్జరీకి వెళ్లాడు. 1974లో మొదటిసారి చేసిన ఆ ఆపరేషన్ తర్వాత ఈనాటికీ కోలుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. ఎదుటివాడి మోచెయ్యి పోయిందని ఎప్పుడూ సంతోషపడకు. వాళ్ల దగ్గర ఇన్నింగ్స్ తగ్గాయని రాసుకో, అంతే.

బుల్‌పెన్ సంగతి నీకు క్రికెట్ అలవాటు వల్ల సరిగా పట్టుబడలేదనుకుంటాను. క్రికెట్‌లో బౌలర్ని పక్కన పెట్టి గంట తర్వాత మళ్లీ తేవచ్చు. ఇక్కడ ఆటలోంచి దిగిపోయిన పిచర్ ఆ రోజు మళ్లీ రాడు. 2002 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో మనం ఏడో ఇన్నింగ్స్‌లో 5-0 ముందున్నాం. ఇంకో ఎనిమిది ఔట్లు చాలు, కప్పు మనది. స్టార్టర్ దిగాడు, బుల్‌పెన్ తలుపు తెరుచుకుంది, చివరికి 6-5తో ఓడిపోయాం. మర్నాడు ఏడో ఆట కూడా పోయింది. ఇన్నేళ్లయినా ఆ రాత్రి తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. అందుకే మన డివిజన్‌లోనే ఉన్న శాన్ డియాగో పాడ్రేస్ విషయంలో నేను జాగ్రత్తగా ఉంటాను. 2025 జులైలో వాళ్లు తెచ్చుకున్న మేసన్ మిల్లర్ ఆఖరి ఇన్నింగ్స్‌లలో వచ్చి గంటకి 100 మైళ్లు దాటించి వేస్తాడు. వాళ్లతో ఆడేటప్పుడు మనం ఆరో ఇన్నింగ్స్‌లోపే ముందుండాలి. కొలరాడో గురించి పెద్దగా రాయాల్సింది లేదు, ఆ గ్రౌండ్ ఉన్నంతకాలం వాళ్ల పిచర్లకి కష్టకాలమే.

స్నెల్ మీద నీకున్న కోపం మాత్రం వదిలెయ్. 2024 ఆగస్టులో మన జెర్సీ వేసుకుని సిన్సినాటిలో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేశాడు, ఆ చలికాలమే డాడ్జర్స్‌లో చేరాడు. నాకూ గుచ్చుకుంది. కానీ ఆ రాత్రి మనకిచ్చిన తొమ్మిది ఇన్నింగ్స్ మనవే.

డివిజన్ డాడ్జర్స్‌దే కావచ్చని నేనూ అనుకుంటున్నాను. మనం వైల్డ్ కార్డ్ కోసం, అంటే డివిజన్ గెలవని జట్లకి అక్టోబర్‌లో దొరికే చోటు కోసం, చూడాలి. వెబ్ వెనక ఇంకో ఇద్దరు చెరో 160 ఇన్నింగ్స్ నిలబడితే అది అందుతుందని నా నమ్మకం. 2021లో మనం 107 గెలిచి 106 గెలిచిన డాడ్జర్స్‌ని దాటినప్పుడు ఆ మార్చిలో ఎవరూ మన పేరెత్తలేదు.

డాడ్జర్స్ మన ఊరికి వచ్చే మొదటి సిరీస్‌కి రెండు టికెట్లు తీస్తాను. సెంటర్ ఫీల్డ్ వైపు, బుల్‌పెన్‌లు కనిపించే చోట కూర్చుందాం. ఏ ఇన్నింగ్స్‌లో ఎవరు లేచి వార్మప్ మొదలుపెట్టారో నువ్వు రాయి, వాళ్లు నిన్నా మొన్నా ఎన్నెన్ని బంతులు వేశారో నేను చెబుతాను. రాత్రి చలేస్తుంది, స్వెటర్ మర్చిపోకు.

మీ పెద్దమామయ్య
ఫ్రీమాంట్