డైనోలో 17 వచ్చినంత మాత్రాన ట్యూనింగ్ చెడినట్టు కాదు

సైలెన్సర్ మార్చి, బైకుకు ట్యూనింగ్ చేయించాక శక్తి తగ్గిందేమోనని డైనో (చక్రం దగ్గర శక్తిని కొలిచే యంత్రం) గ్రాఫులతో అడిగారు కదా, ఇదీ జవాబు. కంపెనీ 20 హార్స్‌పవర్ అంటే, ట్యూనింగ్ తర్వాత డైనోలో 17 వచ్చిందని కంగారు పడకండి. కంపెనీ లెక్క క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) దగ్గరిది, డైనోది వెనుక చక్రం దగ్గరిది. మధ్యలో గేర్లు, చైను, టైరు 10-15 శాతం మింగేస్తాయి. అయితే జనవరి గ్రాఫును మే గ్రాఫుతో పోల్చారే, తిరకాసు అక్కడుంది. మేలో అమలాపురం గాలి వేడి, పైగా ఉక్క (మీకు చెప్పాలా!). వేడి, తేమ పెరిగితే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, దాంతో ఇంజిన్ శక్తీ తగ్గుతుంది. రెండు గ్రాఫులనూ ఎస్ఏఈ సవరణతో (వాతావరణం తేడాను సరిచేసే ప్రామాణిక లెక్క) మళ్లీ ముద్రించమనండి.

నా అనుమానమల్లా 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర టార్కు (తిప్పే బలం) గీతలో పడిన గుంట మీదే. పూర్తి థ్రాటిల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి (బరువులో ఒక వంతు పెట్రోలుకు ఎన్ని వంతుల గాలి) 13 చుట్టూ ఉండాలి, అక్కడ 14.5 దాటితే పెట్రోలు చాలడం లేదు. నిష్పత్తి బాగానే ఉంటే, పాత సైలెన్సర్ బిగించి అదే గేరులో మరోసారి కొలిపించండి, తప్పు కొత్త సైలెన్సర్‌దో కాదో తేలిపోతుంది.